కాల్షియం అయానుకు ‘ముందు’, ‘వెనుక’ ఎలా తెలుస్తాయి?

ప్రశ్న: జంతుశాస్త్రం మేడమ్

నమస్కారం. నేను డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తాను. నాడీవ్యవస్థ పాఠంలో జ్ఞాపకం గురించి చెబుతూ, సిలబస్‌లో లేకపోయినా, స్పైకుల (నాడీకణాల క్షణిక విద్యుత్ సంకేతాల) వరుసను బట్టి సినాప్స్ (రెండు నాడీకణాలు కలిసే చోటు) బలం మారే విషయాన్ని ఒక పది నిమిషాలు వివరించాను. 1998లో గువోచియాంగ్ బి, ము-మింగ్ పూ ఎలుక హిప్పోక్యాంపస్ (మెదడులో జ్ఞాపకానికి కీలకమైన భాగం) కణాలను ప్రయోగశాలలో పెంచి చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన గ్రాఫును బోర్డు మీద గీశాను. సందేశం పంపే కణం ముందుగా స్పైకు వేసి, దాదాపు 20 మిల్లీసెకన్లలోపు అందుకునే కణం స్పైకు వేస్తే వాటి మధ్యనున్న సినాప్స్ బలపడుతుందని, అదే వరుస తిరగబడితే బలహీనపడుతుందని, వ్యవధి బాగా పెరిగితే ఏ మార్పూ ఉండదని చెప్పాను. ఈ మార్పులన్నిటికీ అందుకునే కణంలోకి ప్రవేశించే కాల్షియమే కారణమని కూడా చెప్పి ముగించబోయాను.

అప్పుడు ఒక విద్యార్థిని లేచి, “రెండు సందర్భాల్లోనూ లోపలికి వచ్చేది కాల్షియమే కదా మేడమ్, ఏ కణం ముందు, ఏ కణం వెనుక అన్నది దానికెలా తెలుస్తుంది?” అని అడిగింది. ఎన్‌ఎండీఏ గ్రాహకం (అందుకునే కణపొర మీది ఒక ప్రోటీన్ ద్వారం) రెండు సంఘటనలు ఏకకాలంలో జరిగాయో లేదో గుర్తిస్తుందని సమాధానమిచ్చాను. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే అది సమాధానమే కాదనిపించింది. రెండూ కలిసి జరిగాయని తెలియడం ఒకటి, వాటిలో ఏది ముందు జరిగిందో తెలియడం మరొకటి. పైగా ఒకే అయాను ఒకసారి సినాప్స్‌ను బలపరచి, మరోసారి అదే సినాప్స్‌ను బలహీనపరచడం ఎలా సాధ్యమో కూడా నాకు స్పష్టంగా తెలియదు. ఈ రంగంలో పనిచేసినవారు ఎవరైనా వివరించగలరా? సమీకరణాలు లేకుండా చెబితే తరగతిలో ఉపయోగపడుతుంది.

సమాధానం: పైపెట్టు

మేడమ్ గారూ, మీ విద్యార్థిని పట్టుకున్న లోపం నిజమైనదే. ‘ఏకకాలతను గుర్తించే గ్రాహకం’ అన్న మాట పుస్తకాల్లో ఎంతగా వాడుకలో ఉన్నా, అది వరుసను వివరించదు. నేను ఎలుక హిప్పోక్యాంపస్ ముక్కలపై కొన్నేళ్లు విద్యుత్ రికార్డింగులు చేశాను కాబట్టి నాకు తెలిసినంతవరకు చెబుతాను.

బ్యాంకు లాకరును గుర్తు చేసుకోండి. బ్యాంకువారి తాళంచెవి, ఖాతాదారు తాళంచెవి రెండూ ఉంటే తప్ప అది తెరుచుకోదు. ఎన్‌ఎండీఏ గ్రాహకం కూడా అటువంటిదే. ఒక తాళంచెవి గ్లుటమేట్, అంటే పంపే కణం విడుదల చేసే రసాయనం. (గ్లైసిన్ లేదా డి-సెరీన్ కూడా అతుక్కుని ఉండాలి, కానీ అది సాధారణంగా పరిసరాల్లో ఉండేదే కనుక ప్రస్తుతానికి పక్కన పెడదాం.) రెండవ తాళంచెవి విద్యుత్తు. గ్లుటమేట్ అతుక్కున్నా, కణం విశ్రాంతి స్థితిలో ఉన్నంతసేపూ గ్రాహకపు రంధ్రాన్ని ఒక మెగ్నీషియం అయాను బిరడాలా మూసి ఉంచుతుంది. ఈ సంగతిని 1984లో రెండు బృందాలు వేర్వేరుగా చూపించాయి. కణపొర లోపలి వైపు ధనావేశం పెరిగితేనే ఆ బిరడా బయటికి తోయబడుతుంది, కాల్షియం లోపలికి వస్తుంది.

ఇంతవరకు మీరు తరగతిలో చెప్పినదే. అసలు కిటుకు ఏమిటంటే, ఆ రెండు తాళంచెవులు తాళంలో నిలిచి ఉండే సమయాలు సమానం కావు. గ్లుటమేట్ ఒకసారి అతుక్కుంటే గ్రాహకం పదుల మిల్లీసెకన్ల పాటు, కొన్ని రకాల్లో 100 మిల్లీసెకన్లకు పైగా కూడా, తెరుచుకోగల స్థితిలోనే ఉండిపోతుంది. విద్యుత్ తాళంచెవి అలా కాదు. అందుకునే కణంలో పుట్టిన స్పైకు ఆక్సాన్ (సందేశం పంపే తంతువు) వెంట ముందుకు పోవడమే కాక డెండ్రైట్లలోకి (సందేశాలు అందుకునే కొమ్మల్లోకి) వెనక్కి కూడా ప్రయాణిస్తుందని గ్రెగ్ స్టువర్ట్, బెర్ట్ సాక్‌మన్ 1994లో నేరుగా రికార్డు చేసి నిరూపించారు. అలా వెనక్కి వచ్చిన స్పైకు సినాప్స్ దగ్గర కొద్ది మిల్లీసెకన్లు మాత్రమే ఉండి వెళ్లిపోతుంది. ఒక తాళంచెవి తాళంలోనే ఉండిపోతుంది, మరొకటి తాకి వెళ్లిపోతుంది. కనుక ఉండిపోయేది ముందు వస్తేనే లాకరు తెరుచుకుంటుంది. తాకి వెళ్లేది ముందు వచ్చి వెళ్లిపోతే, తరువాత వచ్చినది ఒంటరిగా మిగిలిపోతుంది. వరుసను గుర్తించే ప్రత్యేక యంత్రం అక్కడ ఏదీ లేదు. రెండు సంకేతాల ఆయుష్షులో ఉన్న తేడాయే వరుసను గుర్తిస్తోంది.

ఇక వరుస తిరగబడినప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. కాల్షియం అసలు రాదనుకోకూడదు, వస్తుంది, కానీ తక్కువగా వస్తుంది. ముందుగా వచ్చిన స్పైకు డెండ్రైట్‌లో విద్యుత్తుకు స్పందించే కాల్షియం ద్వారాలను క్షణకాలం తెరుస్తుంది, కొంత కాల్షియం ప్రవేశిస్తుంది. ఆ తరువాత గ్లుటమేట్ వచ్చేసరికి పొర దాదాపు విశ్రాంతి స్థితికి చేరుకుని ఉంటుంది. బిరడాలు చాలావరకు బిగుసుకునే ఉంటాయి, కాబట్టి ఎన్‌ఎండీఏ గ్రాహకాల ద్వారా వచ్చేది స్వల్పమే. పంపే కణం ముందున్నప్పుడు కాల్షియం పెద్ద అలగా వస్తుంది, వెనుకున్నప్పుడు చిన్న అలగా వస్తుంది. కాలంలో ఉన్న తేడా ఈ దశలోనే పరిమాణంలో తేడాగా మారిపోయింది. ఆ తరువాత కణానికి కాలంతో పని లేదు, ఎంత కాల్షియం వచ్చింది, ఎంతసేపు నిలిచింది అన్నది చూసుకుంటే చాలు.

దీనికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం రాబర్ట్ జుకర్ బృందం 1999లో ప్రచురించిన ప్రయోగం. వాళ్లు స్పైకులను పూర్తిగా పక్కన పెట్టారు. కాంతి పడితే కాల్షియాన్ని వదిలే రసాయనాన్ని కణంలో నింపి, వెలుతురుతోనే కాల్షియాన్ని పెంచారు. సుమారు 10 మైక్రోమోలార్ (గాఢతకు కొలమానం) వరకు పెంచి మూడు సెకన్లు ఉంచితే సినాప్స్ బలపడింది. సుమారు 0.7 మైక్రోమోలార్ దగ్గర ఒక నిమిషం పాటు ఉంచితే బలహీనపడింది. ముందూ వెనుకా అన్నది లేకుండానే రెండు ఫలితాలూ వచ్చాయి. (కాల్షియాన్ని పట్టేసుకునే రసాయనాన్ని కణంలో నింపితే సినాప్స్ బలపడదని గ్యారీ లించ్ బృందం 1983లోనే చూపించింది. కాల్షియం తప్పనిసరి అని అది చెప్పింది, పరిమాణమే ఫలితాన్ని మార్చగలదని ఇది చెప్పింది.)

ఒకే అయాను రెండు విరుద్ధమైన పనులు ఎలా చేస్తుందన్నది మీ రెండవ ప్రశ్న. కాల్షియం నేరుగా ఏ పనీ చేయదు. కాల్మాడ్యులిన్ అనే చిన్న ప్రోటీన్‌కు నాలుగు చోట్ల అతుక్కుని దాని ఆకారాన్ని మారుస్తుంది, ఆ కాల్మాడ్యులిన్ వెళ్లి ఎంజైములను మేల్కొలుపుతుంది. వాటిలో కాల్సిన్యూరిన్ అనే ఫాస్ఫటేజ్ స్వల్పమైన కాల్షియానికే స్పందించేంత సున్నితమైనది. అది మేల్కొంటే, సినాప్స్ ప్రోటీన్ల మీదనున్న ఫాస్ఫేట్ గుంపులను తొలగించే వరుస చర్యలు మొదలై, చివరికి గ్లుటమేట్‌కు స్పందించే ఏఎమ్‌పీఏ గ్రాహకాలు కణపొర నుంచి లోపలికి పోతాయి. సీఏఎమ్‌కే-2 అనే కైనేజ్ (ఫాస్ఫేట్‌ను అతికించే ఎంజైము) మేల్కొనాలంటే కాల్షియం చాలా ఎక్కువగా కావాలి. అది మేల్కొంటే ఏఎమ్‌పీఏ గ్రాహకాలు సినాప్స్ దగ్గర మరిన్ని వచ్చి నిలుస్తాయి. స్వల్ప కాల్షియంతో ఫాస్ఫటేజ్, అధిక కాల్షియంతో కైనేజ్ గెలుస్తాయన్న ఈ లెక్కను జాన్ లిస్‌మన్ 1989లో ప్రతిపాదించారు.

జంతుశాస్త్రం మేడమ్

పైపెట్టు గారూ, కృతజ్ఞతలు. లాకరు పోలిక రేపే చెబుతాను. అయితే మీ సమాధానం చదివాక ఇంకో చిక్కు కనిపించింది. పరిమాణమే నిర్ణయిస్తుందన్నారు. పంపే కణం 5 మిల్లీసెకన్లు ముందుంటే కాల్షియం ఎక్కువ, 150 మిల్లీసెకన్లు ముందుంటే దాదాపు ఏమీ లేదు. ఎక్కువ నుంచి తక్కువకు దిగేటప్పుడు మధ్యలో ఎక్కడో ఒకచోట మధ్యస్థంగా కూడా ఉండి తీరాలి కదా? అక్కడ ఫాస్ఫటేజ్ గెలవాలి, అంటే వరుస సరిగ్గానే ఉన్నా సినాప్స్ బలహీనపడాలి. నేను గీసిన గ్రాఫులో అలాంటి లోయ ఏదీ లేదు. నేను తప్పుగా అర్థం చేసుకున్నానా?

సమాధానం: సమీకరణం

మేడమ్ గారూ, మీరు తప్పుగా అర్థం చేసుకోలేదు. హారెల్ షూవల్, మార్క్ బేర్, లియోన్ కూపర్ 2002లో ప్రచురించిన గణిత నమూనా సరిగ్గా ఆ లోయనే జోస్యం చెప్పింది. నేను ఇటువంటి నమూనాలనే కంప్యూటరు మీద నడుపుతుంటాను, కాబట్టి ఈ భాగం నేను చెబుతాను. పైపెట్టు గారు చెప్పినదానితో నాకు ప్రధానంగా పేచీ లేదు, కానీ ‘పరిమాణం తెలిస్తే చాలు’ అన్న మాట దగ్గర మాత్రం ఆగాలి.

ఆ లోయ కొన్ని ప్రయోగాల్లో నిజంగానే కనిపించింది. హిప్పోక్యాంపస్ ముక్కలపై 2000లో నిషియామా, పూ తదితరులు చేసిన పనిలో, పంపే కణం ముందున్నా వ్యవధి పెరిగినచోట సినాప్స్ బలహీనపడిన రెండో కిటికీ, అంటే కాల పరిధి, ఉంది. కానీ మెదడులోని అనేక ఇతర సినాప్స్‌లలో అది కనిపించలేదు. అంటే బలహీనపడడానికి కాల్షియం మధ్యస్థ పరిమాణం ఒక్కటే ఎల్లవేళలా సరిపోదని, కొన్నిచోట్ల మరేదో కూడా కావాలని అర్థం.

ఆ మరేదో ఏమిటన్నది కార్టెక్స్ (మెదడు పైపొర) మీద 2003 నుంచి 2006 వరకు వచ్చిన పరిశోధనల్లో చాలావరకు తేలింది. ఆ సినాప్స్‌లలో బలహీనపడే మార్గం ఎన్‌ఎండీఏ లాకరు గుండా పోదు. గ్లుటమేట్ మరో రకం గ్రాహకాన్ని, అంటే అయానులను లోపలికి వదలకుండా కణంలో రసాయన చర్యలను ప్రారంభించే మెటబాట్రోపిక్ గ్రాహకాన్ని, ప్రేరేపిస్తుంది. స్పైకు తెచ్చిన కాల్షియం, ఈ గ్రాహకపు సంకేతం రెండూ ఫాస్ఫోలైపేజ్-సి అనే ఎంజైము దగ్గర కలుస్తాయి. ఫలితంగా ఎండోకెనబినాయిడ్ అనే పదార్థం తయారై, సినాప్స్‌ను వెనక్కి దాటి పంపే కణానికే చేరి, అది విడుదల చేసే గ్లుటమేట్‌ను తగ్గిస్తుంది. కాబట్టి కనీసం కొన్ని సినాప్స్‌లలో ఏకకాలతను గుర్తించే యంత్రాంగాలు బలపరచడానికి ఒకటి, బలహీనపరచడానికి మరొకటి వేర్వేరుగా ఉన్నాయి. రెండింటిలోనూ కాల్షియం పాత్ర ఉంది, కానీ రెండు చోట్లా అది ఒకే తూకం కాదు.

ఇప్పుడు మీరు గీసిన గ్రాఫు గురించి. అది తప్పని చెప్పను, కానీ దాన్ని పాఠ్యపుస్తకాలు ప్రకృతి నియమంలా ముద్రించడం నాకు మొదటి నుంచీ నచ్చదు. అది పెంచిన కణాల్లో, సెకనుకు ఒక జత చొప్పున 60 జతల స్పైకులు ఇచ్చినప్పటి ఫలితం. యెస్పెర్ స్యోస్ట్రోమ్ బృందం 2001లో ఎలుక దృష్టి కార్టెక్స్‌లో జతల వేగాన్ని మార్చి చూసింది. పది సెకన్లకు ఒక జత చొప్పున ఇస్తే, వరుస సరిగ్గా ఉన్నా సినాప్స్ బలపడలేదు. సెకనుకు 50 చొప్పున ఇస్తే వరుస ఏదైనా బలపడింది. వేగం పెరిగితే ముందరి జత వదిలిన కాల్షియం, విద్యుత్ ప్రభావం తగ్గకముందే తరువాతి జత వచ్చేస్తుంది, ఇక ఏది ముందు ఏది వెనుక అన్న తేడా ఆ రద్దీలో కలిసిపోతుంది.

ఇంతకంటే ఇబ్బందికరమైన సంగతి 2020లో బయటపడింది. మెదడు ముక్కలను బతికించి ఉంచే ద్రావణంలో ప్రయోగశాలలు సాధారణంగా 2 నుంచి 3 మిల్లీమోలార్ కాల్షియం కలుపుతాయి. బతికున్న మెదడులో కణాల వెలుపల ఉండేది దాదాపు 1.3 నుంచి 1.8 మిల్లీమోలార్ మాత్రమే. దొమినిక్ దెబాన్, నికొలా బ్రునెల్ బృందాలు హిప్పోక్యాంపస్‌లో ఆ సహజ స్థాయిలో కొలిచి చూస్తే, ఒక్కొక్క స్పైకు జతతో మీ గ్రాఫు రానే లేదు. 1.8 దగ్గర బలహీనపడడమే కనిపించింది, 1.3 దగ్గర ఏ మార్పూ లేదు. స్పైకులను గుంపుగా ఇచ్చినప్పుడో, జతల వేగం పెంచినప్పుడో మాత్రమే బలపడడం తిరిగి వచ్చింది. బయటి కాల్షియం తగ్గితే లోపలికి వచ్చేదీ తగ్గుతుంది, దానితో గెలిచే ఎంజైమూ మారిపోతుంది. అంటే పైపెట్టు గారు చెప్పిన సిద్ధాంతానికి ఈ ఫలితం బలాన్నిచ్చింది, ఆ గ్రాఫుకున్న సార్వత్రికతను మాత్రం తీసేసింది.

ఒక చిన్న లెక్క చెప్పి ఆపుతాను. సినాప్స్‌ను మోసే డెండ్రైట్ మొటిమ, అంటే స్పైన్, సగటున ఒక ఘన మైక్రోమీటరులో పదో వంతు ఉంటుందనుకుందాం. విశ్రాంతిలో కాల్షియం గాఢత సుమారు 100 నానోమోలార్. గుణిస్తే ఆ మొటిమలో స్వేచ్ఛగా తిరుగుతున్న కాల్షియం అయానులు ఆరు! గాఢత 1 మైక్రోమోలార్‌కు పెరిగినా అవి 60 మాత్రమే. (లోపలికి వచ్చిన అయానుల్లో అధికభాగాన్ని ప్రోటీన్లు వెంటనే పట్టేసుకుంటాయి కనుక ప్రవేశించేవి ఇంతకు చాలా రెట్లు ఉంటాయి.) ఇంత కొద్ది సంఖ్యలతో కణం ‘మధ్యస్థం’, ‘అధికం’ అన్న తేడా ప్రతిసారీ తప్పులేకుండా గుర్తిస్తుందని ఆశించలేం. ఒకే జత ఇచ్చినప్పుడు ఫలితం అదృష్టం మీద ఆధారపడుతుంది, 60 సార్లు ఇచ్చినప్పుడే సగటు తేలుతుంది. మీరు ఊహించిన లోయ కొన్ని ప్రయోగాల్లో కనిపించకపోవడానికి ఈ గందరగోళం కూడా ఒక కారణం కావచ్చని నమూనాలు చేసేవారిలో కొందరి అభిప్రాయం. నేనూ ఆ పక్షమే.

పైపెట్టు

సమీకరణం గారి సవరణను అంగీకరిస్తున్నాను. తరగతికి పనికొచ్చేలా చెప్పాలన్న తొందరలో బలహీనపడే మార్గాన్ని మరీ సరళంగా చెప్పాను. ఒక్క మాట మాత్రం చేర్చాలి. అలలు తగ్గి కాల్షియం వెళ్లిపోయిన తరువాత కూడా మార్పు ఎందుకు నిలుస్తుందని మీ విద్యార్థులు తప్పకుండా అడుగుతారు. స్పైన్‌లో కాల్షియం పదుల మిల్లీసెకన్లలో తగ్గిపోతుంది, జ్ఞాపకం ఏళ్లు నిలుస్తుంది.

సీఏఎమ్‌కే-2 లో 12 ఉపభాగాలు రెండు వలయాలుగా అమరి ఉంటాయి. కాల్మాడ్యులిన్ పట్టుకున్న ఒక ఉపభాగం తన పక్కనున్న దానికి, 286వ స్థానంలో ఉన్న థ్రియోనైన్ దగ్గర, ఫాస్ఫేట్‌ను అతికిస్తుంది. అలా అతికాక, కాల్షియం వెళ్లిపోయినా ఆ ఉపభాగం కొంతసేపు పనిచేస్తూనే ఉంటుంది. ఈ ఒక్క అమైనో ఆమ్లాన్ని అలనైన్‌గా మార్చిన ఎలుకలు నీటి తొట్టెలో దాగిన వేదిక ఎక్కడుందో నేర్చుకోలేకపోయాయని అల్సినో సిల్వా బృందం 1998లో చూపించింది. అయితే ఇదే శాశ్వత జ్ఞాపకమని విద్యార్థులకు చెప్పకండి. ఒక్కొక్క స్పైన్‌లో ఈ కైనేజ్ చురుకుదనాన్ని కొలిచినప్పుడు అది ఒకటి రెండు నిమిషాల్లోనే చల్లారిపోయింది. పైగా ఆ ప్రోటీన్ ఫాస్ఫేట్లు అతికించడం కంటే, ఎన్‌ఎండీఏ గ్రాహకాన్ని పట్టుకుని ఒక స్తంభంలా నిలబడడమే సినాప్స్ బలపడడానికి ముఖ్యమని 2023లో వచ్చిన ఫలితాలు చెబుతున్నాయి. మేము చదువుకున్న రోజుల్లో ఈ మాట అంటే పరీక్షలో మార్కులు పోయేవి.

సమాధానం: చిన్నమెదడు

ఇప్పటివరకు జరిగిన చర్చ అంతా హిప్పోక్యాంపస్, కార్టెక్స్ చుట్టూనే తిరిగింది. నా పని అనుమస్తిష్కం మీద, అంటే వాడుకలో చిన్నమెదడు అనేదాని మీద. అక్కడికి వస్తే ఇందాకటి లెక్కలు తలకిందులవుతాయి కాబట్టి మేడమ్ గారి విద్యార్థినికి ఈ ఉదాహరణ కూడా నచ్చవచ్చు.

చిన్నమెదడులోని పర్కింజీ కణానికి రెండు రకాల తంతువులు సందేశాలు తెస్తాయి. వేలకొద్దీ ఉండే సమాంతర తంతువులు శరీరం ఏ స్థితిలో ఉందో తెలుపుతాయి. ఒకే ఒక్క ఆరోహణ తంతువు పొరపాటు జరిగిందన్న సమాచారం తెస్తుందని చాలామంది భావిస్తారు. రెండూ కలిస్తే సమాంతర తంతువు సినాప్స్ బలహీనపడుతుందని మసావో ఇటో 1982లో చూపించారు. ఇక్కడ కాల్షియం అధికంగా పెరిగితే సినాప్స్ బలహీనపడుతుంది, స్వల్పంగా పెరిగితే బలపడుతుంది. హిప్పోక్యాంపస్‌లో ఉన్నదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. ‘ఎక్కువ కాల్షియం అంటే బలం’ అన్నది కాల్షియపు స్వభావం కాదని, దాన్ని చదివే ఎంజైముల అమరికను బట్టి ఒక్కో కణం ఒక్కో అర్థం తీసుకుంటుందని దీనితో తెలుస్తోంది.

కాలవ్యవధి కూడా వేరు. పొరపాటు సమాచారం ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. కాలు జారాక గాని జారిందని తెలియదు కదా. అందుకే ఇక్కడ 20 మిల్లీసెకన్ల కిటికీ పనికిరాదు. శామ్ వాంగ్, విన్‌ఫ్రీడ్ డెంక్, మైకేల్ హాసర్ 2000లో ఒక్కొక్క స్పైన్‌లో కాల్షియాన్ని కొలిచినప్పుడు, సమాంతర తంతువు చురుకైన తరువాత 50 నుంచి 200 మిల్లీసెకన్లకు ఆరోహణ తంతువు వచ్చినప్పుడే కాల్షియం అత్యధికంగా పెరిగింది. ఆ ఆలస్యం ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఇక్కడి తాళం కణపొర మీద లేదు, కణం లోపలి కాల్షియం నిల్వ మీద ఉంది. దాని పేరు ఐపీ3 గ్రాహకం. దానికి ఐపీ3 అనే అణువు ఒక తాళంచెవి, కాల్షియమే మరో తాళంచెవి. గ్లుటమేట్ వచ్చాక ఐపీ3 తయారై పేరుకోవడానికే కొన్ని పదుల మిల్లీసెకన్లు పడుతుంది. పైపెట్టు గారి లాకరు పోలికలో చెప్పాలంటే, ఖాతాదారు తన తాళంచెవిని అక్కడికక్కడే చేయించుకోవాలి, అది తయారయ్యేవరకు బ్యాంకు ఉద్యోగి వచ్చినా ప్రయోజనం లేదు.

వరుస నియమం తిరగబడిన మరో చోటు మోర్మిరిడ్ అనే ఆఫ్రికా విద్యుత్ చేపలు. ఈ చేప తన శరీరం నుంచి విద్యుత్ ప్రేరణలు వదిలి, వాటిలో వచ్చే మార్పులతో పరిసరాలను పసిగడుతుంది. తాను వదిలిన ప్రేరణే తన ఇంద్రియాలను నింపేస్తే మిగతావి వినపడవు. కర్టిస్ బెల్ బృందం 1997లో చూపించినట్లు, ఆ చేప మెదడులో పంపే కణం ముందుండి 60 మిల్లీసెకన్లలోపు అందుకునే కణం స్పైకు వేస్తే సినాప్స్ బలహీనపడుతుంది. ఊహించగలిగినదాన్ని తుడిచివేయడానికి ఆ నియమం సరిగ్గా సరిపోతుంది. మా విద్యార్థులకు నేను ముందుగా ఈ చేప గురించి చెప్పి, ఆ తరువాతే హిప్పోక్యాంపస్ గ్రాఫు చూపిస్తాను, లేకపోతే ఆ గ్రాఫే ధర్మమనుకుంటారు.

ఇక చివరి సంగతి. 20 మిల్లీసెకన్లు ఎక్కడ, మనం నేర్చుకునే విషయాల మధ్య గడిచే సెకన్లు ఎక్కడ? ఎలుకలు ట్రెడ్‌మిల్ మీద నడుస్తుండగా హిప్పోక్యాంపస్ కణాల్లో జెఫ్ మాగీ బృందం 2017లో చూసిన మార్పు ఈ ప్రశ్నకు సంబంధించినదే. డెండ్రైట్లలో ఎక్కువసేపు నిలిచే పెద్ద కాల్షియం సంఘటన ఒక్కటి జరిగితే, దానికి కొన్ని సెకన్ల ముందు, కొన్ని సెకన్ల తరువాత చురుకుగా ఉన్న సినాప్స్‌లు కూడా బలపడ్డాయి. ఒకటి రెండు సార్లతోనే ఆ కణం ట్రెడ్‌మిల్ మీది ఒక ప్రత్యేకమైన చోటుకు స్పందించడం మొదలుపెట్టింది. ఇక్కడ అందుకునే కణం ముందా వెనుకా అన్నది పెద్దగా లెక్కలోకి రాదు. ప్రతిఫలాన్ని ఆశించి నేర్చుకునే భాగాల్లో డోపమైన్ అనే రసాయనం కూడా కలుస్తుంది. జపాన్‌లో హరువో కసాయ్ బృందం 2014లో చూపినట్లు, గ్లుటమేట్, స్పైకు కలిసిన 0.3 నుంచి 2 సెకన్లలోపు డోపమైన్ అందితేనే ఆ స్పైన్ పెరిగింది, ముందే అందితే పెరగలేదు. ఇది కూడా వరుస గుర్తింపే, కానీ సెకన్ల మీద.

జంతుశాస్త్రం మేడమ్

అందరికీ కృతజ్ఞతలు. ఆ ఆరు అయానుల లెక్క నన్ను నిద్రపోనివ్వలేదు. ఈసారి బోర్డు మీద మొదట స్పైకుల గ్రాఫు గీయకుండా, కాల్షియం అలలు రెండు గీసి, వాటి ఎత్తు మీద ఎంజైముల పేర్లు రాసి, ఆ తరువాత ఆ అలలు ఎందుకు వేర్వేరు ఎత్తులో వచ్చాయో లాకరుతో చెబుదామనుకుంటున్నాను. చిన్నమెదడు గారి చేపను మధ్యలో తెస్తాను. ఎంజైముల పేర్ల మధ్య ఒక గీత గీసి దాన్ని ‘హద్దు’ అని రాయవచ్చా, లేక అది కూడా తప్పుదారి పట్టిస్తుందా?

సమీకరణం

హద్దు అని రాయండి మేడమ్, కానీ గీతను స్కేలు పెట్టి గీయకుండా సుద్దముక్క పక్కకు తిప్పి మందంగా, అంచులు చెదిరేలా గీయండి. ఎలాగూ స్పైకుల గ్రాఫు కూడా చివర్లో చూపిస్తారు కదా, దాని కింద మూడు విషయాలు రాయడం మరచిపోకండి: ఏ కణాల్లో కొలిచారు, సెకనుకు ఎన్ని జతలు ఇచ్చారు, బయటి ద్రావణంలో కాల్షియం ఎంత ఉంది.